బల్లార్షా దాటాక గడ్డం

మా పెద్దబాపు పోయిన నెలలో పోయాడు. సూరత్ సలాబత్‌పురాలో నేను పనిచేసే చీరల దుకాణం అప్పుడే తెరిచారు. ఆయన కొడుకు, అంటే నా తమ్ముడు, ఫోన్ చేసి "అక్కా, బాపు ఆఫ్ అయిపోయిండు" అన్నాడు. మనిషి పోతే ఆఫ్ అయ్యాడనడం సూరత్ గుజరాతీల మాట. ఇక్కడే పుట్టి పెరిగిన మా పిల్లల నోట అది తెలుగులోకి కూడా వచ్చేసింది. నలభై ఏళ్లు మరమగ్గాల మధ్య బతికిన మనిషికి ఆ మాట నప్పింది కూడా. చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుని అలాగే ఆగిపోయాడట.

నేను వెళ్లేసరికి నవాగామ్‌లో మా గల్లీ నిండా మనుషులు. అందరూ ఏడుస్తున్నారు. మధ్యమధ్య ఎవరో ఒకరు ఆయన అన్న మాట ఒకటి ఎత్తుతారు, ఏడ్చేవాళ్లకు నవ్వు వస్తుంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటారు. ఆయన గురించి దిగులుగా చెప్పడం ఎవరికీ చేతకాదు. నాకూ చేతకాదు. అందుకే ఆయన రేజర్ సంగతి చెబుతాను.

పెద్దబాపు మా నాన్నకు అన్న. ఇద్దరూ వరంగల్ నుంచి ఒకే రైల్లో సూరత్ వచ్చి, ఒకే షెడ్డులో మగ్గాలు నడిపారు. మా నాన్న నోట్లో మాట లేని మనిషి. ఇంటి ఓనరుతో, షెడ్డు సేఠ్‌తో, మా బడి సారుతో మాట్లాడాల్సినవన్నీ పెద్దబాపే మాట్లాడేవాడు. పొట్టి మనిషి, నున్నటి చెంపలు, వాటి మధ్య దట్టమైన మీసం. పొద్దున్నే గడ్డం గీసుకోకుండా ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పాలవాడు వచ్చినా చేత్తో సైగ చేసేవాడు.

ఏడాదికోసారి ఊరికి పోయేవాళ్లం. టికెట్లు దొరికిన రోజే ఆయన రేజర్ల ఎంపిక మొదలయ్యేది. నేల మీద పేపరు పరిచి, ఉన్న రేజర్లన్నీ వరసగా పెట్టేవాడు. ఒకటి బరువైన స్టీలుది, మర విప్పితే మూడు ముక్కలయ్యేది. ఒకటి పిడి తిప్పితే తల రెండు రెక్కలుగా తెరుచుకునేది. ఇంకోటి వాడి పారేసే పసుపుపచ్చ ప్లాస్టిక్‌ది. దాన్ని ఎప్పుడూ ఎంచుకునేవాడు కాదు, అయినా వరసలో పెట్టేవాడు. "దానికి గూడ జర ఆశ ఉంటది గద" అనేవాడు. ఒక్కో రోజు ఒక్కోదానితో గీసుకుని, చెంప మీద వేలి వెనుక భాగంతో రాసి చూసుకునేవాడు. చివరికి ప్రతి ఏడూ స్టీలుదే గెలిచేది. ఆ ఎన్నికలో అది ఓడిపోవడం మేమెప్పుడూ చూడలేదు.

తర్వాత సర్దుడు. స్టీలు రేజర్‌ను మూడు ముక్కలుగా విప్పి, చీరల నుంచి మిగిలిన గుడ్డ ముక్కలో ఒక్కోటీ విడివిడిగా చుట్టేవాడు. బ్లేడ్ల పొట్లం, పటిక ముక్క, కుచ్చు సగం ఊడిన బ్రష్షు, అరచేతంత అద్దం. ఇవన్నీ నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్‌లో పై గిన్నెలో. అడుగున పులిహోర. ఒకసారి ఎదురు సీటులో ఆకలితో ఉన్న ముసలాయనకు పెద్దమ్మ పులిహోర పెట్టబోయి పై గిన్నె మూత తీసింది. ఆయన అందులో చూసి, "నాకు ఆకలి లేదమ్మా" అని పక్క బోగీకి వెళ్లిపోయాడు.

ఇంత హడావుడి ఎందుకని చిన్నప్పుడు అడిగాను.

"మాసిన మొకంతోని దిగితే, సూరత్ మనల్ని మింగిందనుకుంటరు బిడ్డా. మంచిగున్నమని మనం జెప్పుడు గాదు, మన చెంప జెప్పాలె."

రైల్లో గడ్డానికి ఆయన పెట్టుకున్న హద్దు మహారాష్ట్ర చివరనున్న బల్లార్షా స్టేషన్. అది దాటితే తెలుగు గాలి అనేవాడు. బండి అక్కణ్నుంచి కదలగానే టిఫిన్ క్యారియర్ పట్టుకుని తలుపు దగ్గరి వాష్‌బేసిన్‌కు వెళ్లేవాడు. కాళ్లు ఎడం చేసి, ఎడమ మోచెయ్యి గోడకు ఆనించి నిలబడేవాడు. వెనకాల చేతులు కడుక్కోవడానికి పది మంది నిలబడ్డా తొందరపడేవాడు కాదు. "మా షెడ్డు ఊగినంత ఊగుతదా గీ రైలు" అని వాళ్లకే చెప్పేవాడు.

నాకు దుకాణంలో కంప్యూటర్ పని దొరికి మొదటి జీతం వచ్చినప్పుడు, ఆయనకు ప్రయాణాల కోసమే చేసిన రేజర్ ఒకటి కొన్నాను. అయిదు బ్లేడ్లు, మడిచే పిడి, దానికో చిన్న పెట్టె. ఆయన అరచేతిలో పెట్టుకుని తూచినట్టు ఎత్తి దించాడు.

"బిడ్డా, ఇది రేజరా, కోడి ఈకనా?"

"తేలికగా ఉంటే మంచిదే కదా పెద్దబాపూ. పోయినసారి పొట్లంలోంచి బ్లేడు జారి నీ బొటనవేలు తెగలేదా?"

"తెగింది. గని నాకు తెల్సిన బ్లేడు. కొత్త చెప్పులు, కొత్త రేజర్ ఇంట్ల ఉన్నప్పుడే కరువాలె. ఊరిదాక తీస్కపోవద్దు."

నా మొహం చిన్నబోయి ఉంటుంది. ఆ ఏడు మేం వెళ్తున్నది నా పెళ్లి మాటలకు. అబ్బాయి సూరత్‌లోనే ఒక ఆసుపత్రి ల్యాబులో పని చేస్తాడు. వాళ్లవాళ్లు వరంగల్‌లో ఉంటారు. వాళ్ల నానమ్మ ప్రయాణం చెయ్యలేదు గనుక మమ్మల్నే రమ్మన్నారు. అబ్బాయితో నేను ఫోన్లో నాలుగైదుసార్లు మాట్లాడాను. నాకు నచ్చాడని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్లూ లేరు.

బయల్దేరే రోజు పెద్దబాపు స్టీలు రేజర్‌ను గుడ్డలో చుట్టి అల్మారాలో పెట్టేశాడు. నేను కొన్నదాన్ని పై గిన్నెలో పెట్టాడు. "నీ పెండ్లి మాటలకు పోతున్నం. నీ రేజరే రావాలె" అన్నాడు.

బల్లార్షా దాటింది. నేను అద్దం పట్టుకుని నిలబడ్డాను. చెంపలు రెండూ ఒక్కో చేతి ఊపులో అయిపోయాయి. "మంచిగనే ఉన్నదే" అని మెచ్చుకున్నాడు కూడా. పాత రేజర్ ఒత్తితేగాని తెగదు, ఇది తాకితే చాలు. ఆ సంగతి ఆయన చేతికి ఇంకా తెలియదు. మీసం అంచు సరిచేసుకుంటుండగా బండి మలుపులో ఒక్కసారి ఊగింది.

కుడి వైపు మీసం సగం లేదు.

నేను అద్దం దించబోతే "ఉండనీ" అన్నాడు. కాసేపు చూసుకున్నాడు. రెండు దిక్కులా సమానం చేద్దామని ఎడమ వైపు తీశాడు. అది కాస్త ఎక్కువ తెగింది. మళ్లీ కుడి వైపు. అలా సమానం చేస్తూ చేస్తూ మంచిర్యాల వచ్చేసరికి ముక్కు కింద ఈగ వాలినంత మిగిలింది. అదీ తీసేసి, పటిక రుద్దుకుని, వచ్చి సీటులో కూర్చున్నాడు.

మా అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మాలో తల్లో తండ్రో పోతే తప్ప మగవాళ్లు మీసం తియ్యరు. రైలెక్కినప్పటి నుంచి పెదవి విప్పని మా నాన్న, అన్న మొహం వైపు చాలాసేపు చూసి, "అన్నా, అమ్మ బతికే ఉన్నది గద" అన్నాడు.

వరంగల్ స్టేషన్‌కు మా మేనత్త వచ్చింది. మా నానమ్మ అప్పుడు సూరత్‌లో పెద్దబాపు కొడుకు దగ్గర ఉంది. మేనత్త తన అన్న మూతి చూసింది, చేతిలో సంచి ప్లాట్‌ఫారం మీద వదిలేసింది, కూలబడి "అవ్వా, నన్ను సూడకుంటనే పోతివా" అని రాగం అందుకుంది. జనం మూగారు. ఎవరో నీళ్ల సీసా ఇచ్చారు.

"ఎవరు పోలేదే. రైలు ఊగింది" అన్నాడు పెద్దబాపు.

"రైలు ఊగితే మీసం పోతదా? నాకు ఫోన్ గూడ జేయకపోతిరి గదరా."

మా నాన్నే ఇంటికి ఫోన్ కలిపి ఆమె చెవి దగ్గర పెట్టాడు. అవతల నానమ్మ గొంతు అందరికీ వినబడింది. "నేను సావలే. మాపటికి రెండు రొట్టెలు తిన్న. నేను సచ్చిన్నని ఎవరు జెప్పిన్రు నీకు?" మేనత్త కళ్లు తుడుచుకుని, ఇంత భయపెట్టినందుకు నానమ్మనే తిట్టింది.

మర్నాడు పొద్దున అబ్బాయివాళ్లు మేనత్త ఇంటికి వచ్చారు. నేను తలుపు చాటున చాయ్ కప్పులతో నిలబడ్డాను. అబ్బాయి నాన్న కూర్చోగానే పెద్దబాపు మూతి చూశాడు, పక్కనున్న తన తమ్ముడిని చూశాడు. వాళ్లిద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు. తర్వాత ఆయన మర్యాదగానే అన్నాడు.

"అన్నా, మీ ఇంట్ల మైల ఉన్నట్టున్నది. దాచి శుభం మాట్లాడుకునుడు మంచిగ గాదు. ఏడు తిరిగినంక చూద్దాం."

నేను కప్పులు పక్కన గట్టు మీద పెట్టేశాను. అబ్బాయి తల దించుకున్నాడు. ఏడాది ఆగితే ఏ సంబంధం ఎటు పోతుందో అందరికీ తెలుసు. ఇప్పుడు పెద్దబాపు నిజం చెప్పేస్తాడనుకున్నాను. పిల్ల ముచ్చటపడి కొత్త రేజర్ కొన్నది, దాంతో ఇలా అయ్యిందని. చెబితే వాళ్లు నమ్మేవాళ్లు కూడా.

ఆయన రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు. "మైల లేదు తమ్మీ. నా చెయ్యి ఒణికింది. ముసలితనం" అన్నాడు.

అది ఎంత పెద్ద మాటో అక్కడ నాకూ మా నాన్నకూ మాత్రమే తెలుసు. షెడ్డులో తెగిన పోగు ఎవరికీ కనబడకపోయినా ఆయన చేతికి దొరికేది. దసరానాడు సేఠ్ అందరికంటే ముందు ఆ చేతులకే బొట్టు పెట్టేవాడు. ఆ చేతులు వణికాయని కొత్తవాళ్ల ముందు తనే చెప్పుకున్నాడు. అవి అప్పుడు కూడా కదలకుండా, తిన్నగా ఉన్నాయి.

వాళ్ల నాన్నకు ఇంకా అనుమానం తీరలేదు. అప్పుడు మూల కుర్చీలోంచి వాళ్ల నానమ్మ, "బతికున్నదంటున్నరు గద, జర సూపియ్యున్రి" అంది. ఫోన్లో మా నానమ్మ కనబడేట్టు కలిపి ఇచ్చాం. ఇద్దరు ముసలమ్మలూ ఒకరినొకరు కాసేపు పరీక్షగా చూసుకున్నారు.

"నువ్వే గదా సచ్చిపోయింది?" అందామె.

"నేనే. నిన్నటి సంది గదే అంటున్నరు" అంది మా నానమ్మ.

అక్కణ్నుంచి మోకాళ్ల నొప్పుల మీదికి పోయారు, ఏ నూనె రాస్తున్నదీ చెప్పుకున్నారు, ఎవరి పుట్టింటివాళ్లు ఏ వాడలో ఉండేవాళ్లో తవ్వుకున్నారు. చాయ్ చల్లారింది, మళ్లీ కాచాం. అరగంటకు ఆమె ఫోన్ వెనక్కి ఇచ్చేసి, "మనిషి నాకన్న గట్టిగున్నది. పిల్లను పిలువున్రి" అంది.

నిజం ఎందుకు చెప్పలేదని తిరుగు రైల్లో అడిగాను. పెద్దబాపు కిటికీలోంచి చూస్తూ అన్నాడు, "నువ్వు పోవాల్సిన ఇల్లు. నీకంటె ముందుగాల నీ మీద నవ్వు ఎందుకు పోవాలె? నా మీద పోతే పోనీ, నేను ఆ ఇంట్ల ఉండేది లేదు గద."

రెండు నెలలకు పెళ్లయింది. ఫొటోల్లో ఆయన మీసం అప్పుడే మొలిచిన నారులా ఉంటుంది. ఆ తర్వాత ప్రతి ప్రయాణానికీ నేను కొన్న రేజరే తీసుకెళ్లాడు. దాని బ్లేడ్లు మా దిక్కు దొరక్కపోతే బస్సెక్కి ఊరంతా తిరిగి తెచ్చుకునేవాడు. నచ్చిందా పెద్దబాపూ అని అడిగితే, "కరిసిన కుక్కను ఇంట్లనే పెట్టుకోవాలె. బయట వదిలితె ఇంకొకల్లను కరుస్తది" అనేవాడు.

మూడేళ్లకు మా నానమ్మ నిజంగానే పోయింది. పెద్దబాపు పద్ధతి ప్రకారం మీసం తీయించుకున్నాడు. పదకొండో రోజు దాటాక చాయ్ బండి దగ్గరికి పోతే, రైలు కథ తెలిసి, నానమ్మ పోయిన సంగతి తెలియని బండి అతను, తన ఊరి నుంచి ఆ రోజే వచ్చినవాడు, "క్యా కాకా, ఫిర్ ట్రైన్ మే?" అన్నాడు, మీసం మళ్లీ రైల్లోనే పోయిందా అని. పెద్దబాపు నవ్వాడు. చాలాసేపు, బల్ల పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే కూర్చుని, తల్లి పోయినప్పటి నుంచి రాని ఏడుపంతా అక్కడ ఏడ్చాడు. ఆ చాయ్ బండి అతను మొన్న పెద్దబాపు శవం వెంట తాపీ నది ఒడ్డు దాకా నడిచాడు.

ఆయన్ని నేను చివరిసారి బయటికి తీసుకెళ్లింది ఈ చలికాలం ఒక ఆదివారం, డుమస్ బీచ్‌కు. టమాటా భజియా తిన్నాక, ఇసుక మీద గుర్రాన్ని తిప్పే అతన్ని పిలిచి తనను ఎక్కించమన్నాడు. నేను వద్దన్నాను, మా ఆయన వద్దన్నాడు. "మా పెండ్లిల ఎడ్లబండి ఎక్కిన. గీడ పెండ్లికొడుకులు గుర్రం ఎక్కుతరు. నలభై ఏండ్ల సంది సూస్తున్న" అన్నాడు. మా ఆయనా గుర్రం అతనూ కలిసి ఎక్కించారు. గుర్రం అతను కళ్లెం పట్టుకుని ముందు నడిచాడు. సముద్రం బాగా వెనక్కి పోయి ఉంది, తడిసిన నల్ల ఇసుక దూరం దాకా మెరుస్తోంది. ఆ ఇసుక మీద పెద్దబాపు ఒక చేత్తో జీను పట్టుకుని, ఇంకో చేత్తో దారిన పోయేవాళ్లందరికీ తనే ముందుగా నమస్కారం పెడుతూ, నీళ్ల దిక్కు మెల్లగా పోతున్నాడు. వాళ్లు కూడా ఆగి, ఎవరో పెద్దమనిషి అనుకుని, తిరిగి దండం పెడుతున్నారు.