పదమూడు దాకా లెక్కపెట్టే మైకు బాబాయ్

మైకు బాబాయ్ చేతిలో ఏ మైకూ తిన్నగా పనిచేయదు. గ్రంథాలయం మేడమీది హాలుకు వచ్చేవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. శనివారం సాయంత్రాల్లో కుర్రకారు తాము రాసుకున్నది అక్కడ నిలబడి వినిపిస్తారు. చెమ్మెక్కిన గోడలు, కొట్టుకుంటూ వెలిగే ట్యూబులైటు, వాటికి తగ్గట్టే దిగులు కవితలు. సరిగ్గా గుండె పట్టేసే చోటికి వచ్చేసరికి మైకు గుటుక్కుమంటుంది. వెనక మూలనుంచి బాబాయ్ స్క్రూడ్రైవరుతో పరుగెత్తుకొచ్చి, దాన్ని ఊది, తట్టి, తిట్టి, "హలో, హలో, ఒకటి, రెండు" అంటూ పదమూడు దాకా లెక్కపెడతాడు.

"పద్నాలుగు రాదా బాబాయ్?"

"నాకొచ్చు. మైకుకే రాదు."

ఒకసారి ఒక కుర్రాడు వాళ్ల నాన్న పనిచేసిన, ఇప్పుడు మూతపడిపోయిన మిల్లు గురించి చెబుతుంటే ఇలాగే అయింది. జనం బాబాయ్‌ని దుమ్మెత్తి పోశారు. ఆ కుర్రాడు మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

దర్జీగారమ్మాయికి బాబాయ్ అంటే ఒళ్లు మంట. ఏడాదిగా మధ్య వరుసలో ముడుచుకు కూర్చుని వినడమే గాని ఆమె ఎన్నడూ వేదిక ఎక్కలేదు. అక్క పోయాక రాసుకున్నది చెప్పడానికి మొదటిసారి పేరిచ్చింది. ఆ రోజే గ్రంథాలయం కార్యదర్శి బాబాయ్‌ని అందరిముందూ నిలదీశాడు.

"ఇవాళ మైకు ఆగిందా, వచ్చేవారం నుంచి కొత్తవాడొస్తాడు. విన్నావా?"

"విన్నానండి. మైకుక్కూడా ఓ మాట చెప్పండి."

ఆమె వంతు వచ్చింది. "అక్క చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి" అంది. తర్వాతి మాట రాలేదు. బయట వాన. లోపల అందరి కళ్లూ ఆమె మీదే. ఊపిరి కూడా ఆడలేదు.

అందరి వీపుల వెనకా బాబాయ్ కనిపించాడు. వేదిక మీద నిలబడ్డవాళ్లకే కనిపించే చోటు అది. అతని చెయ్యి యాంప్లిఫయరు మీదికి పోతోంది. వద్దు వద్దని ఆమె తల అడ్డంగా ఊపింది. అతను మీట నొక్కేశాడు.

"పోయింది! మళ్లీ పోయింది!" హాలంతా వెనక్కి తిరిగి అతని మీద పడింది. ఆమెను చూసేవాళ్లే లేరు.

బాబాయ్ వచ్చి మైకు ఊదుతూ, పెదవి కదపకుండా, "మంచినీళ్లు తాగమ్మా. తొందరేం లేదు, పదమూడు దాకా టైముంది" అన్నాడు.

తొమ్మిది దగ్గర ఊపిరి ఆడింది. పదకొండు దగ్గర మాట దొరికింది. ఏడుస్తూనే చివరిదాకా చెప్పింది.

కార్యదర్శి విసురుగా వేదికెక్కాడు. కింద నిలబడి అరవడమే గాని ఆయన మైకు ముందు నిలబడటం అదే మొదలు. "ఈ మనిషిని ఇవాళ్టితో..." అన్నాడు. హాలంతా ఆయన్నే చూసింది. "ఇవాళ్టితో... అంటే... ఇవాళ్టితో..." నుదుటిమీద చెమట పట్టింది.

మైకు గుటుక్కుమంది.

ఆయన తలెత్తాడు. మూలన, మీట మీదున్న చెయ్యి ఆయనకూ కనబడింది.

దర్జీగారమ్మాయి గబుక్కున లేచి, వెనక్కి తిరిగి, హాలు దద్దరిల్లేలా అరిచింది: "ఛీ, ఇదేం మైకు బాబాయ్!"

బాబాయ్ స్క్రూడ్రైవరుతో పరుగున వచ్చాడు. కార్యదర్శి మొహం తుడుచుకుంటూ అతని చెవి దగ్గరికి వంగాడు.

"కాస్త నెమ్మదిగా లెక్కపెట్టవయ్యా."