బావి దాటిన బాతు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు. అయినా ఇక్కడ ఎదురుగాలికి సైకిలు తొక్కుకుంటూ డ్యూటీకి పోయేటప్పుడు రెంటచింతల ఎండ గుర్తొస్తే, అదంతా ఇంకెవరో పిల్లకు జరిగిన సంగతిలా ఉంటుంది. అప్పటికి నేను నర్సింగు పూర్తిచేసి గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు చేస్తున్నాను. నరసరావుపేటలో డచ్ భాష నేర్పించి నెదర్లాండ్స్‌లోని వృద్ధాశ్రమాలకు నర్సులను పంపుతున్నారని తెలిసి, వెనకాముందూ చూడకుండా ఉద్యోగం మానేసి అందులో చేరిపోయాను. మా నాన్న మిరప చేలో నుంచే ఫోన్ చేసి, అక్కడ ఎండెంత ఉంటుందని ఒకటే ప్రశ్న అడిగాడు. ఉండదంట నాన్నా అన్నాను. "అయితే పో" అన్నాడు. మా ఇంట్లో ఆ దేశం గురించి జరిగిన చర్చ మొత్తం అంతే.

క్లాసు ఒక ఎరువుల కొట్టు పైన గదిలో జరిగేది. డచ్ మేడం వాళ్ల దేశంలోనే కూర్చుని గోడకున్న పెద్ద టీవీలో కనిపించేది. చానా పొడుగు మనిషి కావడం వల్ల తల ఎప్పుడూ టీవీ పైఅంచుకు తగులుతున్నట్టుండేది. మేము కొత్త పుస్తకాలు, రంగురంగుల పెన్నులు కొనుక్కుని బట్టీ పట్టడానికి నడుం బిగించుకుని కూర్చుంటే, ఆవిడ వాటన్నిటినీ సంచుల్లో పెట్టేయమని ఒక గుడ్డబంతి తెమ్మంది. బంతి విసిరి పేరు చెప్పడం, కుర్చీల చుట్టూ తిరుగుతూ కూరగాయల పేర్లు చెప్పడం, ఒకరు మూగసైగలు చేస్తే ఇంకొకరు అదేమిటో డచ్‌లో చెప్పడం, ఇదీ మా చదువు. కొత్తవాళ్లకు భాష ఆటల్లోనే వస్తుందని ఆవిడ నమ్మకం. మా బ్యాచిలో పిడుగురాళ్ల అక్క అని ఒకామె ఉండేది. పెళ్లయి ఏడో తరగతి చదివే కూతురున్న మనిషి. "పిల్ల చూస్తే నవ్విపోద్ది, ఈ బంతాటేంది నాకు" అని మొదటిరోజు మూలన నిలబడింది. (వారం తిరక్కుండా కుర్చీలాటలో మమ్మల్నందరినీ మోచేత్తో పొడిచి గెలిచింది కూడా ఆమే.) అన్నిటికంటే బాగా గుర్తున్నది వాతావరణం ఆట. బయట వడగాలికి కిటికీ ఊచలు చెయ్యి పెట్టనివ్వకుండా కాలుతుంటే, లోపల మేము గొడుగులు పట్టుకుని, చున్నీలు చెవులకు చుట్టుకుని, వాన పడుతోంది, చలేస్తోంది అని డచ్‌లో వణుకుతూ తిరిగాం. ఎరువుల కొట్టాయన పైకొచ్చి గుమ్మంలోంచి బయటి ఎండను ఒకసారి, మా గొడుగులను ఒకసారి చూసి దిగిపోయాడు.

ఆటల్లో అందరితోపాటు అరిచేదాన్ని గానీ, ఎవరైనా నన్ను ఒంటరిగా నిలబెట్టి మాట్లాడమంటే నాలుక కదిలేది కాదు. మాట ముందు తెలుగులో పుట్టి, ఇంగ్లీషులోకి మారి, అక్కడినుంచి డచ్‌లోకి పోయేసరికి అడిగినవాళ్లు ఇంకో ప్రశ్నలోకి వెళ్లిపోయేవాళ్లు. అప్పటికే ఒక వృద్ధాశ్రమం వాళ్ల వీడియో ఇంటర్వ్యూలో అలాగే బొమ్మలా కూర్చుని పోగొట్టుకున్నాను. రెండో ఇంటర్వ్యూ నెలరోజుల్లో ఉందనగా, మా కోచింగ్ సార్ పిలిచి, ఇది కూడా పోతే మళ్లీ గుంటూరు నైట్ డ్యూటీలే చూసుకోమ్మా అని మెల్లగా చెప్పాడు. మెల్లగా చెప్పాడు కాబట్టి ఇంకా ఎక్కువ భయమేసింది.

మేడం మాత్రం భయపడలేదు. వాళ్ల దేశంలో పిల్లలాడే ఒక పటం పంపించి, ఇంటికెళ్లి ఎవరితోనైనా డచ్‌లోనే ఆడమంది. అది మన వైకుంఠపాళికి దూరపు చుట్టం లాంటి ఆట. పాములు, నిచ్చెనలకు బదులు గళ్ల నిండా బాతులుంటాయి. బాతు గడిలో పడితే అంతే దూరం మళ్లీ ముందుకు పోవచ్చు. మధ్యలో ఒక బావి ఉంటుంది. అందులో పడితే ఇంకొకరు వచ్చి పడేదాకా బయటికి రాకూడదు. ఆ పటం ప్రింటు తీసుకుని రెంటచింతల బస్సెక్కాను. ఆ ఎండల్లో పగలు ఇల్లు కదలకుండా నాతో ఆడే తీరిక ఒక్క మా నాయనమ్మకే ఉంది.

మా నాయనమ్మ గురించి కొంచెం చెప్పాలి. ఆదివారం పూజకు చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. జీవితంలో ఎవరి సొమ్మూ పూచికపుల్లంత ముట్టి ఎరగదు. ఆటకు కూర్చుంటే మాత్రం గజదొంగ. అష్టాచెమ్మలో గవ్వ మోకాలితో తిప్పేది. గళ్లు లెక్కపెట్టేటప్పుడు తానున్న గడి ఒకసారి లెక్కలోకొచ్చేది, ఒకసారి వచ్చేది కాదు. చిన్నప్పటినుంచీ మా ఇంట్లో పద్ధతి ఏమిటంటే, దొంగాట ఆడటం తప్పు కాదు, పట్టుకోలేకపోవడమే తప్పు. పట్టుకుంటే కాయ వెనక్కి పెట్టేది. పట్టుకోకపోతే సాయంత్రం దాకా నన్ను జాలిగా చూసేది. ఆ జాలి భరించలేకే నేను కళ్లు ఆర్పకుండా ఆడటం నేర్చుకున్నాను.

ఇప్పుడు బాతుల పటం పరిచి, చింతగింజలు కాయలుగా పెట్టి, పోట్లాట కూడా డచ్‌లోనే జరగాలని షరతు పెట్టాను. పాచిక మీద ఆరు చుక్కలే ఉంటాయి కాబట్టి ఆరు అంకెలూ చాలంది నాయనమ్మ. ఏన్, త్వే, ద్రీ అని లెక్కపెడుతూనే మొదటిరోజు బావిలో పడాల్సిన తన కాయను దాటించేసింది. నేను గొంతు లోపలినుంచి 'తెరుఖ్', అంటే వెనక్కి, అని అరిచాను. ఆ భాషలో కొన్ని అక్షరాలు అక్కడినుంచే రావాలి. నాలుగుసార్లు అరిచేసరికి మా అమ్మ వంటింట్లోంచి మిరియాల కషాయం తెచ్చి పక్కన పెట్టింది. అలా నెలరోజులు, పొద్దున ఎండెక్కిన దగ్గర్నుంచి చల్లబడేదాకా, మా వసారాలో డచ్ భాషలో దొంగలూ పోలీసులూ నడిచాయి. పక్కింటి పిన్ని అమ్మను పక్కకు పిలిచి, పిల్లకు ఒంట్లో బాగానే ఉందా అని అడిగిందట.

ఇంటర్వ్యూ రోజు నరసరావుపేట గదిలో టీవీ ముందు కూర్చోబెట్టే ముందు సార్ మాకు గట్టిగా చెప్పాడు. నవ్వుతూ ఉండాలి, పెద్దవాళ్ల మాటకు అడ్డు చెప్పకూడదు, ఏమన్నా 'హేల్ ఖూద్', అంటే చాలా బాగుంది, అనాలి. తెరమీద ఒక మూల మా డచ్ మేడం, ఇంకో పక్క ఆశ్రమం మేనేజరమ్మ, ఆవిడ పక్కన తెల్ల బొచ్చుకుక్కపిల్ల బొమ్మున్న స్వెటరు వేసుకున్న, ఆ ఆశ్రమంలోనే ఉండే ఒక ముసలామె ఉన్నారు. ముసలామె ముందు అదే బాతుల పటం ఉంది. అది చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. మేము మా గదిలో పాచిక వేసి అంకె చెబితే, మా కాయ కూడా ఆవిడే జరుపుతుంది. నాకంటే ముందు కూర్చున్న పిడుగురాళ్ల అక్కతో ఆడుతూ ముసలామె బావిలో పడాల్సిన కాయను రెండుసార్లు హాయిగా దాటించేసింది. అక్క చూసింది. చూసి కూడా హేల్ ఖూద్ అంది. సార్ వెనక నుంచి బొటనవేలు చూపించాడు.

నా వంతు వచ్చింది. నవ్వుతూనే ఉన్నాను. అడిగినవాటికి ముక్కలు ముక్కలుగా జవాబు చెబుతున్నాను, మేనేజరమ్మ ఏదో రాసుకుంటోంది. అంతలో ముసలామెకు మూడు పడింది. మూడు గళ్లు పోతే బావి. ఆవిడ కిటికీ వైపు చూస్తూ, ఏమీ ఎరగనట్టు, కాయను నాలుగో గడిలో పెట్టింది.

ఆ కిటికీ చూపు నాకు తెలుసు. అది అచ్చంగా మా నాయనమ్మ చూపు. తరవాత జరిగింది నేను చేసింది కాదు, నా నోరు చేసింది. "నే! నే! తెరుఖ్! బావిలోకి!" అని డచ్‌లో అరుస్తూ కుర్చీలోంచి లేచాను. (వాళ్ల భాషలో నే అంటే కాదు అని.) లేచి టీవీ మీదే వేలు పెట్టి గళ్లు లెక్కపెట్టాను. వెనక సార్ తలమీద చెయ్యి పెట్టుకున్న చప్పుడు కూడా వినిపించింది. ముసలామె నేను దాటలేదు పొమ్మంది. దాటావు, నేను చూశాను అన్నాను. నీకు కళ్లు సరిగా కనపడవంది. కిటికీలో ఏముందో చెప్పు మరి అన్నాను. అలా ఎంతసేపు తగువులాడామో తెలియదు గానీ, చివరికి ఆవిడ గొణుక్కుంటూ కాయను బావిలో పెట్టేదాకా నేను కూర్చోలేదు. పిడుగురాళ్ల అక్క నా మోచెయ్యి పట్టుకుని "ఏందే నువ్వు, పెద్దామెను బావిలో తోస్తివి" అంది. గుంటూరు ఆస్పత్రి మెట్లు కళ్లముందు కనపడ్డాయి.

అప్పుడు ముసలామె మేనేజరమ్మ వైపు తిరిగి ఏదో చెప్పింది. మా మేడం తరవాత నెమ్మదిగా మళ్లీ చెబితే గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. "నేనిక్కడికి వచ్చినప్పటినుంచి ఏం చేసినా అందరూ చాలా బాగుంది అంటారు. నాతో ఎవరూ పోట్లాడరు. ఈ అమ్మాయిని పంపించండి" అన్నదట. అది విని నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. తెలుగూ ఇంగ్లీషూ తలుచుకోకుండా అన్ని మాటలు మాట్లాడానని కూడా మేడం చెప్పాకే తెలిసింది. అక్క కూడా తరవాతి విడతలో ఎంపికైంది, ఆమె మోచేతులను ఎవరు ఆపగలరు.

పోయిన వేసవిలో సెలవు పెట్టి ఊరికి వెళ్లినప్పుడు, కొత్త బ్యాచితో ఒకరోజు ఆడి పొమ్మని సార్ పిలిచాడు. అదే గది, అదే వడగాలి. పటం పరిచి ఆడుతూ, నాకు మూడు పడితే కిటికీ వైపు చూస్తూ బావి దాటేశాను. పిల్లలంతా నవ్వి హేల్ ఖూద్ అన్నారు. మాచర్ల నుంచి వచ్చిన ఒక పిల్ల మాత్రం నవ్వలేదు. పటాన్ని చూసింది, నన్ను చూసింది. తరవాతి ఆటలో ఇంకా సిగ్గులేకుండా దాటాను. ఆ పిల్ల చున్నీ సర్దుకుని, ముందు గొంతులోనే "నే" అంది, ఆ తరవాత ఎరువుల కొట్టు దాకా వినపడేలా "తెరుఖ్" అంది. సార్ అలవాటుగా తలమీద చెయ్యి పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి నాయనమ్మకు చెప్పాను. చింతగింజలు పరుస్తూ "పట్టుకుందా?" అని అడిగింది. పట్టుకుంది అన్నాను. "అయితే పెద్దదానివయ్యావే నువ్వు" అంది. ఆ మాట నేను తలుచుకుంటూ నవ్వుకుంటుండగానే ఆవిడ బావి దాటేసిందని భోజనాల దగ్గర నా వైపు జాలిగా చూసేదాకా నాకు తెలియలేదు.