ఏడుపు సీను

నిరుడు చలికాలంలో అరకు నుంచి పాడేరు వెళ్లే బస్సులో ఒక పెద్దమనిషి నా పక్కన కూర్చున్నాడు. ఒళ్లో నాటకం రాతప్రతి ఉంది. పదిహేనో ఏట ఆడవేషంతో మొదలుపెట్టి, తర్వాత తానే నాటకాలు రాసి ఆడుతున్నాడట.

“ఇందులో నా పెళ్లాం సచ్చిపోద్ది బాబూ. గుండెలు బాదుకుని ఏడుత్తాను. జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ ఏడుత్తాను,” అన్నాడు. “మొన్న నిజంగానే మా ఆడది పోయింది. సుక్క నీరు రానేదు. సాయంత్రం హుకుంపేటలో ఆడాల. ఏటి సెయ్యాలో తెలీడం నేదు.”

మా ఆవిడ పోయి అప్పటికి నాలుగు నెలలు. నేనూ ఏడవలేదని చెప్పాను.

“మరేటి సేసారు?”

“ఆమె మందులన్నీ మంచం మీద పోసి, గడువు తేదీలు చూసి వరుసగా పేర్చాను.”

అతను నవ్వలేదు. పెన్ను తీసి, ఏడుపు మాటలున్న పేజీ మొత్తం కొట్టేశాడు.

“నిలబడా బాబూ, కూకునా? ఏ సేత్తో?”

“కూర్చుని. కుడిచేత్తో.”

అతను హుకుంపేటలో దిగాక కిటికీలోంచి చూశాను. నడుస్తూనే కుడిచేత్తో గాలిలో ఏవో పేరుస్తున్నాడు.

ఇంటికొచ్చి, మా ఆవిడ పోయిన రోజు డైరీ పేజీ తీశాను. పోయిన సమయం, వాన పడిందన్న సంగతి మాత్రమే ఉన్నాయి. వాటి కింద మందుల గురించి ఒక వాక్యం రాశాను.