మూత మీది కుంకుమ

మా జనానికి పరిశోధన రాకెట్ గురించి చెప్పడమంత దండగ పని ఇంకొకటి లేదు. పోయిన ఏడు పెరియకుళంలో ఒక పెళ్లికి పోయాను. భోజనాల బంతిలో పక్కాయన అడిగాడు, "మీ చెల్లెలి కూతురు రాకెట్ విడిచిందంటనే, ఇప్పుడది యాడుండాది?" అని. సముద్రంలో ఉండాది అన్నాను. ఆయన చెయ్యి ఆకు మీద అట్లనే ఆగిపోయింది. "అయ్యో, పడిపాయనా!" అన్నాడు. ఎదుటి వరసలో ఇద్దరు నాలుక చప్పరించారు. ఒకావిడ నాకు ధైర్యం కూడా చెప్పింది: "పోనీలేప్పా, చదువుకునే పిల్లోళ్లు గదా, రెండో తూరి సరిగా విడుస్తారు."

ఛీ! ఏ తోపులో ఏ మామిడి ఎప్పుడు పండేదీ వీళ్లను నిద్రలో లేపి అడిగినా చెప్తారు. తల మీదుండే ఆకాశం గురించి మాత్రం ఒక్క ముక్క తెలీదు. తెలీదనే సిగ్గు అసలే లేదు.

"అది పడడానికే పోయే రాకెట్టయ్యా," అన్నాను. ఉపగ్రహాన్ని మోసుకుపోయే రాకెట్ వేరు, ఇది వేరు. ఇది భూమి చుట్టూ తిరగదు. నిట్టనిలువుగా లేస్తుంది. మంట ఆరిపోయినాక కూడా విసిరిన రాయి మాదిరి ఇంకా పైకి పోయి, వంగి, సముద్రంలో పడుతుంది. అంతా కలిపితే కొన్ని నిమిషాలే. బెలూను అంత ఎత్తుకు పోలేదు. ఉపగ్రహం అంత కిందికి దిగితే గాలి రాపిడికి నిలవలేదు. ఆ మధ్యలో ఏముందో తాకి చూడాలంటే ఈ రాకెట్ తప్ప వేరే దిక్కు లేదు. పోతా కొలుస్తుంది, వస్తా కొలుస్తుంది. కొలిచింది కొలిచినట్టే రేడియోలో కిందికి పంపిస్తుంది. పంపినాక అది పడితే ఏం, మునిగితే ఏం?

పక్కాయన అంతా శ్రద్ధగా విని, "అట్లయితే దీపావళి బాణం మాదిరేనా?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రసం పోయించుకోకుండానే లేచి వచ్చేశాను.

ఇంత పొగరుగా లేచి వచ్చానే గానీ, ఆ రాకెట్‌లో మా పాప, అదే చెల్లెలి కూతురు, పెట్టిన పరికరం ఎందుకు చెడిపోయిందో మాత్రం ఆ బంతిలో చెప్పలేదు. ఇంకెక్కడా చెప్పలేదు.

సింగానల్లూరులో మా ఇంటి వెనకాలే మా లేత్ పట్టర, చిన్న కార్ఖానా. పంపులకు కావలసిన భాగాలు చేస్తాం. మా చెల్లెలి కూతురు కాలేజీలో డాక్టరేట్ చేస్తోంది. చాలా ఎత్తున, గాలి పలచబడిన చోట, ఎలక్ట్రాన్లు ఎన్ని ఉన్నాయో కొలవడం దాని పని. పరికరం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. నిమ్మకాయంత లోహపు గుండు, దాన్ని పట్టుకునే కడ్డీ, ఒకదాని నుంచి ఒకదానికి కరెంటు పారకుండా మధ్యలో తెల్లటి బిళ్ల. గుండుకు వోల్టేజి పెంచుతూ తగ్గిస్తూ పోతే చుట్టూ ఉండే ఎలక్ట్రాన్లు వచ్చి దానికి తగులుతాయి. ఆ కరెంటును బట్టి అవెన్ని ఉన్నాయో తెలుస్తుంది. వేరేవాళ్ల పరికరాలు పోయే రాకెట్‌లో ఒక మూల దీనికి చోటిచ్చారు. ఒక్క తూరే. ఆ కొన్ని నిమిషాల్లో వచ్చిన కొలతలే పాప థీసిస్. మళ్లీ చోటు ఎప్పుడు దొరుకుతుందో చెప్పేవాడు లేడు.

గుండూ కడ్డీ నేనే లేత్ మీద తిప్పి, చేసి ఇచ్చాను. పాప వాటిని ల్యాబ్‌లో కడిగి, వేడిచేసి, బిగించి, గుండుకు మూత తొడిగింది. తీరా చూస్తే కడ్డీ అడుగు భాగం దాన్ని బిగించే రాకెట్ పలకలో కూచోలేదు. వెంట్రుకవాసి తరగాలి. మళ్లీ నా దగ్గరికే తెచ్చింది.

"మామా, అడుగు మాత్రం తరుగు. మూత తియ్యద్దు. లోపల వేలి జిడ్డు కూడా తగలరాదు," అంది.

నాకా చెప్పేది! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ లేత్ మీద ఉన్నవాణ్ని. పాప అంతటితో ఆగకుండా పక్కనున్న మా అమ్మకు కూడా చెప్పింది: "అవ్వా, లోపలంతా మడి. ఎవురూ ముట్టరాదు." అమ్మ తల ఊపింది. ఈమెకేం అర్థమయిందని ఊపుతోందో అని లోపల్లోపల నవ్వుకున్నాను.

మా పట్టర నుంచి ఏ వస్తువూ బొట్టు లేకుండా గడప దాటదు. అది అమ్మ పెట్టిన చట్టం. ఎంత చిన్న భాగమైనా సరే, గంధం చుక్క పెట్టి, దాని మీద కారమడై గుడి కుంకుమ అద్దాల్సిందే. ఎర్ర మరకల సరుకు చూసి కొనేవాళ్లు నవ్వుతారని నాకు చచ్చేంత సిగ్గు. ఆ సాయంత్రం పని ముగించి చేతులు కడుక్కుని వచ్చేసరికి, పాప పరికరం మూత మీద ఇంత బొట్టు!

అరికాలి మంట నెత్తికెక్కింది. "బుద్ధుండాదా నీకు? రాకెట్‌లో పోయే దానికి కుంకం పూస్తావా? పాప చదువు నాశనం చేస్తివి గదా!"

"మూత మీదనే పెడితిని నాయనా. లోపల మడి అని పాప చెప్పె గదా," అంది అమ్మ.

నేను వింటేనా? లోపలికి రాలిందేమో చూద్దామని మూత లాగేశాను. నేను లాగినప్పుడే రాలి ఉంటుంది, గుండు మీద ఎర్రటి నలుసొకటి కనిపించింది. మేము లేత్ తుడిచే బనియన్ గుడ్డ చేతికందింది. దాన్ని కిరసనాయిల్లో ముంచి, గుండు తళతళలాడేదాకా తుడిచాను. మూత మీది బొట్టు కూడా తుడిచేసి మళ్లీ తొడిగాను. "శుద్ధం అంటే ఇదీ," అన్నాను అమ్మతో. పాపకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పడానికి ఏముందిలే అనుకున్నాను.

రాకెట్ బ్రహ్మాండంగా లేచింది. పాప ఫోన్‌లో వీడియో పంపితే వీధి వీధంతా చూపించాను. కొన్నాళ్లకు పాప ఇంటికొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అందరి పరికరాలూ పనిచేసె మామా, నాది తప్ప," అంది. వోల్టేజి పెంచేటప్పుడు వచ్చే గీతా, తగ్గించేటప్పుడు వచ్చే గీతా ఒకదాని మీద ఒకటి పడాలంట. రెండూ విడివిడిగా వచ్చాయి. గుండు మీద ఏదో పొర ఉంటేనే అట్లా వస్తుందంట. "రాకెట్ పోయే ముందు గుండును నేనే తుడిస్తిని. అయినా బిళ్ల సందులో ఏదో జిడ్డు దిగుంటుంది. గాలి లేని చోటికి పోయేసరికి అది బయటికొచ్చి గుండంతా పరుచుకుంది. ఈడ ఎవురన్నా మూత తీస్తిరా మామా?"

మూత తీసింది నేను, నూనెగుడ్డతో తుడిచింది నేను. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "మీ అవ్వ కుంకం పెట్టింది."

పాప అవ్వ వైపు తిరిగింది. అమ్మ నన్ను చూసింది.

"ఆమా పాపా, నేనే పెడితిని. ముసిలిదాన్ని, తెలీక చేస్తిని," అంది.

పాప అరవలేదు. అరిస్తే బాగుండేది. "పరవాలేదవ్వా, వచ్చినదాంట్లో ఏదన్నా పనికొస్తుందేమో చూస్తా," అని బ్యాగు తీసుకుని బస్సుకు పోయింది.

ఆ పెళ్లి బంతిలో వాళ్లు తెలీక వాగారు. తెలిసీ నోరు మూసుకున్న వెధవను నేను. తూ, నా బతుకు!

మొన్న పాప రెండో గుండు కూడా కడ్డీ అడుగు తరగడానికి తెచ్చింది. ఎవరి కాళ్లో పట్టుకుని ఇంకో రాకెట్‌లో చోటు సంపాదించింది. అవ్వను మర్యాదగానే గడప అవతల నిలబెట్టింది. నిలబెట్టే అవసరమే లేదు. ఆనాటి నుంచి అమ్మ పట్టరలోకి అడుగు పెట్టలేదు. ఇప్పుడు మా సరుకంతా బొట్టు లేకుండానే పోతోంది. గంధం గిన్నె వంటింట్లో బోర్లించి ఉంది.

పాప మూత తొడిగిన గుండును నా రెండు చేతుల్లో పెట్టింది. "నీ దగ్గరుంటే నాకు భయం లేదు మామా," అంది.

గడప అవతల నుంచి అమ్మ చూస్తోంది.

"సరి పాపా," అన్నాను.