కోడితోక కోసం విశాఖపట్నం

అరకు చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పుడొక వైద్యం పుట్టింది. మన్యం జ్వరం తగ్గాక నోటికి రుచి తెలియకపోతే కోడితోక కాల్చి తినమంటున్నారు. వెనకటికి సోమన్న అలా తింటే పోయిన నాలుక తిరిగి వచ్చిందట. సోమన్న నా స్నేహితుడు. ఆ ప్రయాణంలో అతని పక్కన ఉన్నవాణ్ణి నేను. ఏ కోడికీ తోక పోలేదు. ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టకపోతే మన్యంలో తోకున్న పుంజు మిగిలేలా లేదు.

ముప్పయ్యేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను అరకు అడవి డిపోలో గుమాస్తాను. బడిలో చదివింది నాలుగో తరగతి. మిగతా చదువంతా శృంగవరపుకోట గ్రంథాలయానిది. కొండ దిగినప్పుడల్లా పాత పత్రికలు ఒక కట్ట తెచ్చుకుని, కట్టిన అరటినారతో సహా చదివేసేవాణ్ణి.

సోమన్న సంతలో షావుకారు తరఫున తేనె కొనేవాడు. ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే బెల్లప్పాకం కలిసిందో లేదో తేలిపోయేది. ఆ ఏడు వానలు వెనకబట్టాక జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ నాలుకను తీసుకుపోయింది. తేనె అనుకుని పాకం కొన్నాడు. షావుకారు మంచివాడే. "వచ్చే సంత దాకా చూస్తాను సోమన్నా. ఆ పైన ఇంకో మనిషిని పెట్టుకోవాలి" అన్నాడు.

కొత్త రుచి తగిలితే మొద్దుబారిన నాలుక మేలుకుంటుందని నేనొక పత్రికలో చదివి ఉన్నాను. పట్నంలో దొరలు సాయంత్రం పూట కాక్‌టెయిల్ పుచ్చుకుంటారని ఆ కట్టలోనే ఉంది. నిఘంటువు తీశాను. కాక్ అంటే కోడిపుంజు, టెయిల్ అంటే తోక.

"తోకలో ఏటుంటాదిరా, ఈకలు తప్ప?" అన్నాడు సోమన్న.

"దొరలు ఊరికే తింటారా?" అన్నాను.

గురువారం తెల్లవారుజామున కర్రల బండి మీద బయలుదేరాం. లోయంతా వలిసె పూలు. పసుపు ఆరబోసినట్టు ఉంది. బండి తోలే అప్పన్న మమ్మల్ని ఎక్కువ మాట్లాడనివ్వలేదు. "ఘాటీలో కబుర్లు సెప్తే ఎడ్లు ఇంటాయి బాబూ, కాళ్ళు మరిసిపోతాయి" అనేవాడు. ఆ రాత్రి అనంతగిరిలో పడుకుని, శుక్రవారం పొద్దు గూకే వేళకు శృంగవరపుకోటకు దిగాం. శనివారం ఉదయం మోటారు బస్సు మీద కొత్తవలస, అక్కడ రైలు.

మూడో తరగతి పెట్టెలో చిలగడదుంపల గంపతో ఒక ముసలమ్మ కూర్చుంది. పేరు పైడమ్మ.

"పట్నంలో ఏటి పని బాబూ?"

"కోడితోక తినడానికెల్తన్నాం" అన్నాడు సోమన్న, దాచుకోకుండా.

ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసింది. "కోడి ఊల్లో ఒగ్గీసి, తోక కోసరం రైలెక్కినోలిని ఇప్పుడే సూత్తన్నాను" అంది. అయినా ఉడికిన దుంప చెరొకటి పెట్టింది. సోమన్న తన దుంప తిని, "మట్టి ముద్దలాగుంది" అని నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

పదకొండు గంటలకు వాల్తేరులో దిగాం. ముందు కాఫీ హోటలు. లోపల బ్రాహ్మలకు, బయట బల్ల మీద మాకు. ఇడ్లీ, కారప్పొడి, ఇత్తడి గ్లాసులో కాఫీ. సోమన్న కారప్పొడి అన్నంలా కలుపుకు తిన్నాడు. కంట నీరు కారింది గానీ రుచి ఏమీ తెలియలేదన్నాడు. తర్వాత సముద్రపు ఒడ్డున గోలీసోడా, నిమ్మకాయ సోడా, ఎర్ర రంగు సోడా, మూడూ కలిపిన సోడా. మంచు ముక్క అతనికి అదే మొదలు. అరచేతిలో పెట్టుకుని అది కరిగిపోయేదాకా చూశాడు. నోట్లో మాత్రం వేసుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం రేవు దగ్గర మాంసం హోటల్లో చేపల పులుసు తిన్నాం. సోమన్న రెండోసారి వేయించుకుని, "ఆహా! ఇదిరా రుసంటే. వచ్చీసిందిరా నాయుడూ, నా నాలిక వచ్చీసింది!" అన్నాడు. నా ప్రాణం లేచివచ్చింది. అప్పుడు నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పులుసులో ఉప్పు లేదు. వడ్డించేవాడు కూడా చూసి నాలుక కరుచుకున్నాడు.

సోమన్న తల వంచుకుని విస్తరి మడిచాడు. "నువ్వు ఇంత దూరం తెచ్చినావు కదా. ఒట్టి సేతులతో ఎలా పంపీడం అనుకున్నాను" అన్నాడు.

ఇక మిగిలింది కోడితోక ఒక్కటే.

యేసుదాసు బట్లరు ఒకప్పుడు అనంతగిరి కాఫీ తోటలో దొర దగ్గర ఉండేవాడు. అప్పటినుంచీ నాకు ఎరుక. ఆనాటికి వాల్తేరులో ఒక బంగళాలో వంట. సాయంత్రం వెనక వరండాలో కూర్చోబెట్టి, వచ్చిన పని విని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నాయుడుగారూ, తోకా లేదు, ఈకా లేదు. సారాలో ఇంకోటి కలిపితే దాని పేరు అది."

జిన్ను సారా కొంచెం పోశాడు. దాంట్లో నిమ్మకాయ పిండాడు. ఏదో సీసా మూత తీసి నురగలు కక్కే సోడా నింపాడు. సోమన్న గుక్క తాగాడు. మొహం వంకర తిరిగింది. తుపుక్కున గన్నేరు చెట్టు మొదట్లో ఉమ్మేశాడు.

"థూ! కొయినా! జొరంలో పోసిన కొయినా మందురా ఇది! మళ్ళీ పోత్తార్రా నాకు?"

"కొయినాయే" అన్నాడు బట్లరు. "మన్యం జ్వరం రాకుండా దొరలు సోడాలో..."

అంతవరకు చెప్పి ఆగిపోయాడు. సోమన్న కూడా మూతి తుడుచుకుంటున్న చెయ్యి తీయలేదు. ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

"సేదు" అన్నాడు సోమన్న మెల్లగా. "సేదుగున్నాది." గ్లాసు మళ్ళీ అందుకున్నాడు. ప్రసాదం పుచ్చుకున్నట్టు, చుక్కచుక్కగా, మొహం చిట్లించుకుంటూ మొత్తం తాగాడు.

ఆ చేదు తర్వాత ఇంకే రుచైనా వస్తుందో రాదో తెలియదు. తిరుగు రైల్లో మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. కోటలో మజ్జిగన్నం తిని ఏదో ఆలోచించాడు. అప్పన్న బండి మీద ఘాటీ ఎక్కుతుంటే ఉసిరికాయ కొరికి ఊరుకున్నాడు.

మంగళవారం సాయంత్రం అనంతగిరి దాటాక దారి పక్క గెడ్డ ఒడ్డున బోదమ్మ జీలుగు కల్లు కుండతో కూర్చుని ఉంది. సోమన్నకు ఆకు దొప్పలో పోసింది. ఒక గుక్క మింగి కళ్ళు మూసుకున్నాడు. ఎడ్ల మెడ గంటలు తప్ప చప్పుడు లేదు.

"ఏటే బోదమ్మా!" అని ఒక్కసారి లేచాడు. "నీల్లు కలిపీసినావేటే?"

"నానా? నీల్లా? నా మీద ఒట్టు!"

"ఒట్టు నీ కుండ మీదెయ్యి! సగానికి సగం గెడ్డనీల్లు! ఈ కల్లు ఎవలికమ్ముతావు, సేపలకా?"

ఆమె కొట్టడానికి గరిటె ఎత్తింది. అతను బండి చుట్టూ పరుగెత్తాడు. అప్పన్న ఎడ్లను పట్టుకుని నవ్వాడు. నేను రోడ్డు మీదే కూర్చుండిపోయాను. అంత తీయని తగవు నా జన్మలో మళ్ళీ వినలేదు.

ఆ తర్వాతి సంతకు సోమన్న తేనె కుండల మధ్య కూర్చున్నాడు. ఇప్పుడు అతను లేడు, ఆ బండ్లూ లేవు. ఘాటీ మీద బస్సులు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. వలిసె పూలు మాత్రం అలాగే పూస్తున్నాయి.

మమ్మల్ని క్షేమంగా దింపి ఎక్కించిన అప్పన్నకు, దుంప పెట్టిన పైడమ్మకు, తోక లేని కోడితోక పోసిన యేసుదాసుకు నా నమస్కారాలు. అందరికన్నా మిన్నగా బోదమ్మకు. ఆ పూట ఆమె మంచి కల్లు పోసి ఉంటే, సోమన్న బాగుందనేవాడు. నేను నమ్మేవాణ్ణి కాదు.