కొత్తగా చదివేవాళ్లకు భద్రయ్య చెప్పిన మాట

భద్రయ్య పెద్ద ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్లు తనిఖీ పని చేశాడు. టీవీలు తయారయ్యే విభాగంలో చివరి బల్ల అతనిది. పెట్టె మూత బిగించే ముందు లోపలి అతుకులన్నీ చూసి, బాగుంటే పంపేవాడు, లేకపోతే వెనక్కి తిప్పేవాడు. రెండువేల ఒకటిలో ఆ విభాగం ఎత్తేశారు. ముందుగా రిటైరయ్యేవాళ్ల కోసం తెచ్చిన కాగితాల మీద భద్రయ్య సంతకం పెట్టాడు. పక్క బల్ల నోవహు కూడా పెట్టాడు.

ఇంటికొచ్చాక విజయమ్మ మొగుడి ముఖం చూసి, ఎట్లుంది అని అడిగింది. ఏమీ అనిపిస్తలేదు అన్నాడు భద్రయ్య. దాచుకుని అన్న మాట కాదు. మర్నాడు కూడా ఆరింటికే లేచాడు, గడ్డం గీసుకున్నాడు, వెళ్లడానికి చోటు లేక వరండాలో కూర్చున్నాడు.

నోవహు అట్లా కాదు. అతనికి బొమ్మల కథల పిచ్చి. సికింద్రాబాద్ స్టేషన్ బయట, ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద ఏరి తెచ్చిన ఇంగ్లీషు కామిక్స్ ఇంట్లో మంచాల కింద అట్టపెట్టెల్లో ఉండేవి. ఎ.ఎస్. రావు నగర్‌లో ఒక చిన్న షట్టర్ కిరాయికి తీసుకుని, వాటన్నిటినీ అరల్లో సర్ది, అద్దెకిచ్చే లైబ్రరీ తెరిచాడు. అప్పటికి కాలనీలో ఇంటికొకరు సాఫ్ట్‌వేర్‌లో చేరుతున్నారు. మెడలో కంపెనీ కార్డుతోనే వచ్చి పుస్తకాలు అడిగేవాళ్లు. ఇంతకుముందు ఏం చదివావని నోవహు ఒక్కొక్కరినీ అడిగి, దాన్నిబట్టి పుస్తకం తీసిచ్చేవాడు. భద్రయ్య రోజూ వెళ్లి స్టూలు మీద కూర్చుని పేపరు చూసేవాడు. కామిక్స్ ఒక్కటి కూడా తెరవలేదు. నోవహు కూడా చదవమని బలవంతపెట్టలేదు.

రెండువేల మూడు ఆగస్టులో ఒక ఉదయం నోవహు షట్టర్ ఎత్తి, గల్లా దగ్గర కూర్చుని, అట్లాగే పోయాడు. గుండె ఆగిందన్నారు. భద్రయ్య శవపెట్టె మోశాడు, గుప్పెడు మన్ను వేశాడు, ఇంటికొచ్చి స్నానం చేసి తిన్నాడు. కూరలో ఉప్పు వేయడం మరిచానా అని విజయమ్మ అడిగింది. అతనికి తెలియలేదు.

పది రోజులకు నోవహు భార్య ప్రేమమణి వచ్చింది. మార్చి దాకా షట్టర్ వాళ్లదే. ఆలోపు పుస్తకాలకు ఏదో ఒక దారి చూడాలి.

"ఏ పుస్తకం ఎవరికియ్యాల్నో నాకు తెల్వదన్నా," అంది. "అప్పటిదాంక జెర నువ్వు కూసుంటవా?"

కూర్చుంటానన్నాడు.

సెప్టెంబరులో ఒక శనివారం నవత అనే అమ్మాయి వచ్చింది. హైటెక్ సిటీలో ఉద్యోగం, చేరి నాలుగు నెలలైంది. ఆఫీసులో భోజనాల దగ్గర అందరూ సూపర్‌హీరోల గురించే మాట్లాడతారట. ఎవరు ఎవరి శత్రువో, ఏ లోకం ఏ లోకంతో కలిసిందో ఆమెకు ఒక్క ముక్క అర్థం కాదు. సూపర్‌హీరోలతో కాకుండా, ఆ పుస్తకాలు అచ్చువేసే కంపెనీయే వేసిన ఒక పాత మాయల కథతో మొదలుపెట్టమని ఎవరో సలహా ఇచ్చారట. పన్నెండు భాగాలు. దాని ఇంగ్లీషు పేరు నోటికి తిరగక నోవహు 'ఏడు కోటలు' అనేవాడు.

"అంకుల్, నేను సూపర్‌హీరోల పుస్తకం ఒక్కటి సుత చదవలే. దీంతోటి షురూ చేస్తే అర్థమైతదా?"

"నోవహు ఉంటే చెప్తుండె. ఆయన పోయిన నెల చనిపోయిండు," అన్నాడు భద్రయ్య, బస్సు వెళ్లిపోయిందని చెప్పినట్టు. నవత వెనక్కి తిరగబోయింది. వచ్చే శనివారం రమ్మన్నాడు. ఈలోపు తను చూసి పెడతానన్నాడు.

ఆ వారమంతా భద్రయ్య చదివాడు. ఫ్యాక్టరీ మాన్యువళ్లు చదివిన ఇంగ్లీషు అతనిది, పక్కన డిక్షనరీ పెట్టుకున్నాడు. గీతల నోటుబుక్కులో పేజీ నంబరు, దాని ఎదురుగా కొత్తవాడు ఎక్కడ తడబడతాడో రాసుకున్నాడు. ఏడు కోటలను కాపాడే ఒక ముసలి మంత్రగత్తె, ఆమె గుర్రాలు చూసుకునే సణుగుడు మనిషి, ఇదీ కథ. మొదటి భాగం నత్తనడక. రెండోది పర్వాలేదు. మూడో భాగంలో మాత్రం ఉన్నట్టుండి రెక్కల మనిషి ఒకడు దిగి, అందరూ తనకు తెలిసినవాళ్లే అన్నట్టు మాట్లాడాడు. వాడెవడో ఎక్కడా రాయలేదు. భద్రయ్య అరలన్నీ వెతికాడు. రెక్కల మనిషిది వేరే సూపర్‌హీరో పుస్తకమని తేల్చడానికి ఇంకో నాలుగు పుస్తకాలు చదవాల్సి వచ్చింది. సరదా పుట్టిందని కాదు. చేతికి పని దొరికింది, అంతే.

శనివారం నవత చేతిలో మూడు భాగాలు పెట్టాడు.

"మొదటిది మెల్లగ నడుస్తది, ఓపిక పట్టు. మూడో దాంట్ల రెక్కలోడు వస్తడు. వాడెవడో తెల్వదని పరేషాన్ గాకు. పదకొండు పేజీలల్ల పోతడు."

ఆమెకు ఆ మాట పనికొచ్చింది. మిగతా భాగాలకు వస్తూ తనతో పనిచేసే హరికిషన్‌ను తీసుకొచ్చింది. అతని వెంట ఇంకొందరు వచ్చారు. భద్రయ్య అందరికీ అదే మాట, అదే గొంతుతో చెప్పేవాడు. ఖాళీగా ఉన్నప్పుడు సూపర్‌హీరోల పుస్తకాలు కూడా వరసగా చూశాడు. వాటిలో ఒక సంగతి గమనించాడు. చచ్చినవాళ్లు చావరు. నాలుగు సంచికలు పోయాక కొత్త బట్టలు వేసుకుని తిరిగొస్తారు.

నవంబరులో 'ఏడు కోటలు' ఏడో భాగం చదివాడు. అందులో గుర్రాలవాడు చనిపోతాడు. యుద్ధంలో కాదు. మేత వేసి, గోడకు ఆనుకుని కూర్చుని పోతాడు. భద్రయ్య నోటుబుక్కులో పేజీ నంబరు వేశాడు, ఎదురుగా ఏమీ రాయలేదు. ఎనిమిదో భాగం తీశాడు. తొమ్మిది, పది తీశాడు. చివరిదాకా పేజీ పేజీ తిప్పాడు. గుర్రాలవాడు ఎక్కడా లేడు.

తరువాతి శనివారం హరికిషన్ ఏడో భాగం తిరిగిస్తూ, గుర్రాలవాడు మళ్లీ ఏ భాగంలో వస్తాడని అడిగాడు.

"రాడు," అన్నాడు భద్రయ్య.

"గట్లెట్ల అంకుల్? అందరొస్తరు గదా."

"వీడు రాడు. పన్నెండూ చూసిన."

ఆ రోజు మధ్యాహ్నమే షట్టర్ దించి ఇంటికి వెళ్లాడు. విజయమ్మ అన్నం వడ్డిస్తుంటే, అడగకుండానే గుర్రాలవాడి కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఎంత సణిగేవాడో, ఏ గుర్రానికి ఏ పేరు పెట్టాడో అన్నీ చెప్పాడు. చెబుతూ చెబుతూ గుర్రాలవాడు అనాల్సిన చోట రెండుసార్లు నోవహు అన్నాడు. విజయమ్మ సరిదిద్దలేదు. పెరుగు వేసి, తరువాతేమైంది అని మాత్రం అంది.

ఆ తరువాత కొత్తగా వచ్చేవాళ్లకు భద్రయ్య వేరే మాట చెప్పసాగాడు. 'ఏడు కోటలు'తో మొదలుపెట్టొద్దు. ముందు ఇది చదివితే, మిగతావాటిలో చచ్చినోడు లేచి వస్తే నమ్మబుద్ధి కాదు. దీన్ని చివరికి ఉంచుకోండి. నవతకు అది నచ్చలేదు. ముందుగా ఇది చదవబట్టే మిగతావి తనకు ఆటలా ఉన్నాయనీ, ఆట అని తెలిసే ఆడుకోవచ్చనీ వాదించింది. ఆమె మాట కూడా తప్పు కాదన్నాడు భద్రయ్య. ఆపైన రెండు మాటలూ చెప్పి, మీ ఇష్టం అనేవాడు.

మార్చిలో షట్టర్ ఖాళీ చేశారు. పాత పుస్తకాల వ్యాపారి ఆటో ట్రాలీ తెచ్చాడు. నవతా వాళ్లూ కావలసినవి ముందే తీసుకున్నారు. ప్రేమమణి ఆ పన్నెండు భాగాలూ మాత్రం పక్కన పెట్టించింది. ట్రాలీ వెళ్లాక ఖాళీ అరల మధ్య నిలబడి భద్రయ్యను అడిగింది.

"ఆయన ఎప్పుడు జూసినా ఇవే చదువుతుండె. నేనెన్నడు అడగలే. నాకు అర్థమైతయా అన్నా?"

ఆమె తెలుగు మీడియంలో ఏడో తరగతి దాకా చదివింది. భద్రయ్య తాను చదివి చెబుతానన్నాడు. ఇంకెవరికీ ముందుగా చెప్పని సంగతి ఆమెకు చెప్పాడు. ఏడో భాగంలో ఒక మనిషి పోతాడు, మళ్లీ రాడు, ఇష్టం లేకపోతే ఆరో భాగంతో ఆపేద్దామన్నాడు. ప్రేమమణి తల ఊపింది. అన్నీ చదవమంది.

ఏప్రిల్‌లో భద్రయ్య చర్లపల్లిలో ఇన్వర్టర్లు చేసే చిన్న వర్క్‌షాపులో తనిఖీ పనికి చేరాడు. ఆదివారాలు ప్రేమమణి చర్చి నుంచి వచ్చాక, భార్యాభర్తలిద్దరూ ఆమె ఇంటికి వెళ్లేవాళ్లు. అతను బొమ్మ బొమ్మకూ వేలు పెట్టి తెలుగులో చెప్పేవాడు. ఆడవాళ్లిద్దరూ చిక్కుడుకాయలు గిల్లుతూనో, బియ్యం ఏరుతూనో వినేవాళ్లు. రెక్కల మనిషి వచ్చినప్పుడు, ఈడెవడో మనకెందుకు, ముందుకు పో అంది ప్రేమమణి.

ఏడో భాగం వంతు సెప్టెంబరులో వచ్చింది. ఆ పేజీ దగ్గర భద్రయ్య ఆగాడు. గోడకు ఆనుకుని కూర్చున్న గుర్రాలవాడి బొమ్మ మీద వేలు పెట్టాడు. ప్రేమమణి తొందరపెట్టలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

"మరి గుర్రాలకు మేత ఎవరేసిండ్రు?" అంది కాసేపటికి.

"ముసలామెనే ఏసింది."

"ఊఁ. చదువన్నా."

భద్రయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, పేజీ తిప్పాడు.