మూతబడిన కంపెనీల లెక్క

తొలివాన పడగానే మార్కాపురం పలకల గనుల వైపు నుంచి తడిసిన రాతి వాసన వస్తుంది. నిన్న సాయంత్రం ఆ వాసన తగిలి శేషయ్యగారు గుర్తొచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో మేమిద్దరం ఒకే కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లం. ఆయన నాకన్నా చాలా పెద్దవారు. మా ప్రాంతపు రైతులు వాటాలు కొన్న చిన్న కంపెనీలు ఏమయ్యాయో ఊరూరా తిరిగి తెలుసుకుని వ్యాసం రాయాలని పూనుకుని, నన్ను తోడు రమ్మన్నారు.

నడుస్తున్న కంపెనీలను చూస్తే చాలుననుకున్నాను నేను. ఆయన ఒప్పుకోలేదు. మూతబడినవాటిని వెతుక్కుంటూ పుల్లలచెరువు వైపు వెళ్లాం. అక్కడ గొర్రెలు కాచుకునే లక్ష్మమ్మ, మందలో సగం అమ్మి ఒక పలకల కంపెనీలో వాటాలు కొని పోగొట్టుకుంది. ఎవరి మాట మీద కొన్నావని అడిగితే, నరసయ్య అనే పెద్దమనిషి చెప్పాడన్నది.

“ఆయన మా అన్నేనమ్మా,” అన్నారు శేషయ్యగారు. నాకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది.

“కంపెనీ పోయినాక మా గడప తొక్కినోళ్లు లేరు. ఇప్పుడు నువ్వెందుకు వచ్చినావు నాయనా?” అన్నది ఆమె. అయినా ఎంతో దూరం నుంచి మోసి తెచ్చుకున్న నీళ్లలోంచే ఆమె మా ఇద్దరికీ తాగడానికి ఇచ్చింది.

సంగతి తెలిసి నరసయ్యగారు గిద్దలూరులో మా బసకు వచ్చారు. ఆయన పొలం అమ్మి పెట్టిన డబ్బు కూడా ఆ కంపెనీలోనే పోయింది.

“ఆ కంపెనీ ముచ్చట రాయొద్దురా తమ్ముడా. నేను మోసం చేయలేదని నీకు తెలుసు. అది అచ్చులో పడితే నలుగురిలో ఎట్ల తిరగాల?”

“మోసం చేయలేదని కూడా రాస్తా అన్నా. మునిగినవి వదిలేసి నిలబడినవే రాస్తే, చదివినోళ్లు అన్నీ నిలబడతాయనుకుంటారు. ఇంకో లక్ష్మమ్మ గొర్రెలు అమ్ముకుంటాది.”

నరసయ్యగారు లేచి వెళ్లిపోయారు. వ్యాసం అచ్చయింది. కొత్త గనికి వాటాలు అమ్మవచ్చినవాళ్లను గిద్దలూరు రైతులు కొందరు పాత కంపెనీల సంగతి అడిగి, వాటాలు కొనకుండా ఆగారు. అన్నదమ్ముల మధ్య మాత్రం మాటలు నిలిచిపోయాయి. శేషయ్యగారు పోయిన రోజున నరసయ్యగారు వచ్చి పాడె మోశారు.

ఇప్పటికీ ఎవరైనా లాభాలొచ్చిన కంపెనీల పేర్లు వరసగా చెబుతుంటే, మూతబడినవాటి వాటాదార్లు ఎక్కడున్నారని అడుగుతాను. చాలామందికి ఆ ప్రశ్న నచ్చదు. అడగడం నాకూ సులువు కాదు. ప్రతిసారీ తమ్ముడి పాడె మోసిన నరసయ్యగారు గుర్తొస్తారు.